జాడీ అడుగున ఆకుపచ్చ

నా కళ్ళు బాగుపడిన రోజే మా అన్నయ్య గింజలు పాడైపోయాయని తెలిసింది. ఆ కళ్ళేవో అలాగే ఉంటే ఇంకో నెల నిశ్చింతగా ఉండేదాన్ని.

ముందు అన్నయ్య సంగతి చెప్పాలి. ఆయనది తాళాలు బాగుచేసే పని. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం, ఆ వెనక రెండు గోడల మధ్య మంచం పట్టేంత నేల. కాపురమంటే ఒక్కడే. పెళ్ళి మాటెత్తితే, 'ముందు ఈ తాళం తియ్యనీ' అనేవాడు. ఆ తాళం ముప్పై ఏళ్ళైనా తెరుచుకోలేదు. ఆ మంచమంత నేలలో ఇరవై రెండేళ్ళు తీగ బీన్స్ పెంచాడు. ఎప్పుడో కొన్న పొట్లంలో ఒక్క తీగకు ఊదా చారల కాయ కాసిందట. దాని గింజ దాచి మరుసటి ఏడు వేశాడు. వాటిలో నార లేని కాయ చూసి దాని గింజే ఉంచాడు. ఆ పై ఏడు ముదిరినా మెత్తగా ఉడికే కాయ. అలా ఏటికేడు ఏరుకుంటూ పోతే చివరికొచ్చిన రకం ఆయన పెరట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఎవరికీ ఒక్క గింజ ఇచ్చిన పాపాన పోలేదు. ఎదురింటావిడ పదేళ్ళు అడిగింది. అడిగినప్పుడల్లా దోసెడు కాయలు ఇచ్చి పంపేవాడు, అదీ ఇంకా గింజ కట్టని లేత కాయలు. అందరి తాళాలూ తీసిపెట్టే మనిషికి తన సొంత వస్తువు దగ్గర అంత పిసినారితనం.

మూడేళ్ళ క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. ఆసుపత్రి మంచం మీద నుంచి ఆయన నాతో చెప్పిన మొదటి మాట దుకాణం గురించి కాదు.

"గింజలు అరలో ఉన్నాయి. అరవై. నేను లేచి మళ్ళీ వేసేదాకా నీ దగ్గరుంచు, ఆఫీసరమ్మా. నువ్వైతేనే చూసుకోగలవు."

ఆఫీసరమ్మ అని నన్ను పిలిచేది ఆయనొక్కడే. నేను ఆఫీసర్ని కాదు. విత్తనాలు నిల్వ చేసే ఆఫీసులో గింజలు ఎండబెట్టి, డబ్బాల్లో పోసి, ఎన్ని మొలకెత్తుతాయో లెక్కపెట్టే ఉద్యోగం. చేరిన రోజున ఆయన వెక్కిరింపుగా మొదలుపెట్టిన పిలుపు అది. పోను పోను అందులో వెక్కిరింపు పోయి గర్వం మిగిలింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

గింజలు తెచ్చి మా ఆఫీసు పద్ధతిలోనే గాజు జాడీలో పెట్టాను. అడుగున సిలికా జెల్ గుళికలు, వాటి మీద చిన్న జల్లెడ, జల్లెడ మీద గింజల గుడ్డ సంచి, పైన రబ్బరు పట్టీ ఉన్న మూత. కొత్త చెప్పుల పెట్టెలో, మాత్రల సీసాలో 'తినరాదు' అని రాసిన బుల్లి పొట్లం ఉంటుంది చూడండి, అందులో ఉండేది ఇదే. అందరూ పెట్టె విప్పగానే ముందు దాన్నే పారేస్తారు. నేను వాటిని పోగుచేసి అన్నయ్యకిచ్చేదాన్ని. తాళంచెవులు తుప్పు పట్టకుండా అరల్లో వేసుకునేవాడు.

చూడటానికి గాజు ముక్కల్లా ఉంటుంది గానీ సిలికా జెల్‌కు ఉన్న దాహం దేనికీ ఉండదు. మూత వేసిన చోట గాలిలో ఉన్న తేమంతా తాగేస్తుంది. ఎంత తాగినా పైకి తడి కనబడదు. అందుకే కనిపెట్టడానికి అందులో రంగు కలుపుతారు. నేను నేర్చుకున్న రంగు నీలం. పొడిగా ఉన్నంతకాలం నీలం, కడుపు నిండితే గులాబీ. గులాబీ తిరిగాక బాణలిలో సన్న సెగ మీద వేయిస్తే తాగిందంతా ఆవిరై మళ్ళీ నీలానికొస్తుంది. ముప్పై నాలుగేళ్ళు ఆ రెండు రంగులతోనే బతికాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మొదటి ఏడాదిన్నర జాడీని కన్నబిడ్డలా చూసుకున్నాను. నెలకోసారి అడుగు చూడటం, గులాబీ తిరిగితే వేయించడం, చల్లారాక పోయడం. అన్నయ్య మంచం దిగాడు, చేతికర్రతో నాలుగడుగులు వేశాడు. ఎప్పుడు వెళ్ళినా ఒకటే ప్రశ్న.

"ఎలా ఉన్నాయి?"

"నీకంటే బాగున్నాయి."

ఆ మాటకు ఆయన నోరు ఒక పక్కకే నవ్వేది.

తర్వాత నా కళ్ళు మొదలుపెట్టాయి. రెండింటిలోనూ శుక్లాలు. దీపాల చుట్టూ మసక, కాగితం మీద అక్షరాలు చీమల బారులు. ఆఫీసులో చెప్పలేదు. చెబితే నిల్వ గది నుంచి తీసేసి కవర్ల మీద ముద్రలు వేయిస్తారు. 'ఆవిడ కన్ను పడితే పుచ్చు గింజ దాక్కోలేదు' అనిపించుకున్నదాన్ని, పోయే ముందు ముద్రలా? ఇంకెంత, ఏడాదిన్నర సర్వీసు. గదిలో చలీ తేమా యంత్రమే చూసుకుంటుంది, గోడ మీద పెద్ద అంకెలు చూపిస్తుంది. సిలికా జెల్ వేసే చిన్న డబ్బాలు పక్క సీటావిడ చూసేది. కాబట్టి నా గుడ్డితనం వల్ల ఆఫీసుకు నష్టమేమీ లేదని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక కాగితం బల్ల బల్లకీ తిరిగింది. చదివి సంతకం పెట్టాలి. పక్క సీటావిడ నా వైపే చూస్తోంది. చదువుతున్నట్టు కాసేపు తల ఊపి కింద సంతకం గీకాను.

ఆ నెలలోనే అన్నయ్య జాడీలోని గుళికలు మాటిమాటికీ వేయించి వేయించి నలిగిపోయాయి. ఆఫీసుకు కొత్తగా వచ్చిన బస్తాలోంచి నాలుగు గుప్పిళ్ళు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. వంటింట్లో పళ్ళెంలో పోస్తే గులాబీ రంగులో కనబడ్డాయి. బస్తా మూతి సరిగ్గా బిగించలేదు కాబోలు, తేమ పట్టేసిందనుకుని వేయించాను. నీలం రాలేదు. ఇంకాసేపు వేయించాను. రాలేదు. సరుకులో నాణ్యత పోయింది, దేనిలో మిగిలింది గనక అని తిట్టుకుంటూ అలాగే జాడీలో పోశాను.

రెండు నెలలు పోయాక చూస్తే అడుగున ముదురు రంగు. దీపం కిందకు పట్టుకెళ్ళి చూశాను. నీలమే. నిదానంగా తిరిగినట్టుంది అనుకున్నాను. మూత వేసిన జాడీలో సిలికా జెల్ తనంతట తాను పొడి అవదు. ఎవరైనా నాతో ఆ మాటంటే నవ్వి బయటకు పంపేదాన్ని. కానీ నాకు నీలం కావాలి, కనబడింది. అంతే. తర్వాత పద్నాలుగు నెలలు, రెండు వానాకాలాలు, నెలకోసారి మూత తీసి చూడటం, నీలంగా ఉందని తృప్తిపడి మూత పెట్టేయడం. మూత తీసిన ప్రతిసారీ బయటి తేమ లోపలికి పోతూనే ఉంది.

రిటైరయిన మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. రెండో కంటి కట్టు విప్పి ఇంటికి రాగానే ముందు నా మొహం చూసుకున్నాను. అన్ని ముడతలు ఎప్పుడొచ్చాయో అర్థం కాలేదు. వంటింటి గోడ మీద నూనె మరకలు, దుప్పటి మీద ఎప్పటిదో టీ మచ్చ. ఇంత మురికిలో ఇన్నాళ్ళూ మహారాణిలా తిరిగానా అని నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే బీరువా తెరిచి జాడీ తీశాను.

అడుగున ఆకుపచ్చ. నిలవ నీళ్ళలో పాచి రంగు. నాకు తెలిసిన సిలికా జెల్‌లో ఆ రంగే లేదు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసినా ఆకుపచ్చే.

పక్క సీటావిడకు ఫోన్ చేశాను.

"కొత్త సిలికా జెల్ ఆకుపచ్చగా ఉంటే ఏంటండీ అర్థం?"

"నిండిపోయిందని. పొడిగా ఉంటే నారింజ కదా. పాత నీలం రంగులో కలిపే మందు ఒంటికి మంచిది కాదని మార్చేశారుగా. కాగితం వచ్చింది, మీరు కూడా సంతకం పెట్టారు."

"అవును. మర్చిపోయాను," అన్నాను.

అంటే పొడిగా ఉన్న నారింజను తడిసిందనుకుని బాణలిలో మాడ్చాను. తడిసి చచ్చిన ఆకుపచ్చను నీలం అనుకుని పద్నాలుగు నెలలు గింజల కింద పరిచాను. గుడ్డ సంచి విప్పితే ముక్కిన వాసన. ఇరవై గింజలు తీసి తడి కాగితంలో పరిచి చుట్ట చుట్టాను. నా చేతులకు బాగా అలవాటైన పని. ఎనిమిది రోజులకు విప్పితే ఇరవైకి ఇరవై జిగటగా కాగితానికి అతుక్కుపోయి ఉన్నాయి.

అన్నయ్యకు చెప్పలేదు. మిగిలిన నలభై గింజలూ పట్టుకుని వెళ్ళాను. ఆయన అప్పటికే కుడిచేత్తో ఒక్కడే నేలంతా తవ్వి, తీగ పాకడానికి కర్రలు కూడా పాతేశాడు. కర్రకూ కర్రకూ మధ్య దూరం జానతో కొలిచాడట. మూడేళ్ళ తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను.

"నేరుగా మట్టిలో వద్దన్నయ్యా. ముందు కాగితంలో మొలక రానిద్దాం."

"నువ్వెలా అంటే అలా. ఆఫీసరమ్మ కదా."

చుట్ట ఆయన గదిలోనే పెట్టాం. రోజూ వెళ్ళేదాన్ని. ఆయన చుట్ట విప్పనిచ్చేవాడు కాదు, చలిగాలి తగులుతుందని. ఎనిమిదో రోజున నేనే బల్ల మీద విప్పాను. ముప్పై తొమ్మిది కుళ్ళిపోయాయి. చివరి వరసలో ఒక్కటి నిక్కి నిలబడింది. తెల్లటి వేరు, పచ్చటి కాడ, విడిపోయిన రెండు బద్దలు.

"ఎన్ని?" అన్నాడు వెనక నుంచి.

"ఒకటి."

ఆయన కర్ర ఆనించి వంగి చూశాడు. కుడిచేతి వేలితో ఆ రెండు బద్దల్నీ మెల్లగా విడదీశాడు. వాటి మధ్య చిగురు ఉండాలి. లేదు. పాతబడి చెడిన గింజకు ఒక్కోసారి అలాంటిది వస్తుంది. బోడి మొలక అంటాం. నాలుగు రోజులు పచ్చగా నిలబడుతుంది, ఆకు వెయ్యదు, పోతుంది.

"మీ ఆఫీసులో దీన్ని ఎంతని రాస్తారే?"

ముప్పై నాలుగేళ్ళలో అలాంటివి వందలు చూశాను. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు.

"సున్నా," అన్నాను.

ఆ తర్వాత అన్నీ చెప్పేశాను. కళ్ళ సంగతి, కాగితం మీద సంతకం, నారింజ, ఆకుపచ్చ, ముందే కుళ్ళిన ఇరవై. ఆయన కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నాడు. ముందు గదిలో ఎవరో తాళం పట్టుకొచ్చి పిలిచారు. కాసేపు చూసి వాళ్ళు వెళ్ళిపోయారు.

"కళ్ళు కనబడకపోతే నోరు కూడా పోయిందా నీకు?" అన్నాడు.

ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఆపమనలేదు.

ఎదురింటి వైపు చూస్తూ, "నాకూ ఉంది నోరు. పదేళ్ళు అడిగింది ఆవిడ. నాలుగు గింజలు తీసుకో అనడానికి..." అని ఆపేశాడు.

తర్వాత ఆ మొలకను మట్టిలో పెట్టమన్నాడు.

"అది పెరగదన్నయ్యా."

"తెలుసు. పెట్టు."

మొదటి కర్ర పక్కన పెట్టాను. ఆయనే నీళ్ళు పోశాడు. రోజూ పొద్దున కుర్చీ అక్కడికి ఈడ్చుకుని కూర్చునేవాడు. తొమ్మిది రోజులు పచ్చగా ఉంది. పదో రోజు బద్దలు పసుపు తిరిగాయి. పదకొండో రోజు నేను వెళ్ళేసరికి ఆయన కర్రలన్నీ పీకి కట్ట కట్టి గోడకు ఆనించేశాడు.

ఇప్పటికీ రోజు విడిచి రోజు వెళ్తాను. తలుపు తీస్తాడు, టీ పెట్టమంటాడు, దుకాణం కబుర్లు చెబుతాడు. కోపంగా ఏమీ లేడు. వెళ్ళొస్తానంటే, "సరే చెల్లీ, జాగ్రత్త" అంటాడు. ఆఫీసరమ్మా అని మాత్రం పిలవడం లేదు.