జున్నుపాల లెక్క

నేను ఒక గాజుసీసాని. ఫ్యాక్టరీలో నా కడుపులో నాలుగు వందల యాభై మిల్లీలీటర్ల కాల్షియం మందు పోసి, రబ్బరు బిరడా బిగించి పంపారు. అందులో అసలు కాల్షియం ఎనిమిది గ్రాములు. మీ లెక్కలో అది చిటికెడు. ఈనిన గేదెకు అదే ప్రాణం.

పశువుల ఆసుపత్రి బీరువాలో ఏడాది ఉన్నాను. భయంతోనే ఉన్నాను. గడువు దాటితే నన్ను పారబోస్తారు. తీసుకెళ్ళి తొందరగా ఎక్కిస్తే, నేనే గుండె ఆపేస్తాను. నా పక్క సీసా ఒకటి ఎవరి చేతిలోనో అలాగే ఖాళీ అయింది. ఆ గేదె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున్నే డాక్టర్ షహనాజ్ నన్ను సంచిలో వేసుకుని గురవమ్మ పాకకు వెళ్ళింది. గురవమ్మకున్నది ఒకే ఒక్క గేదె. నిన్న ఈనింది. ఇప్పుడు మెడ డొక్క మీదికి మడుచుకుని కూలబడి ఉంది. చెవులు చల్లబడ్డాయి. దీన్ని పాల జ్వరం అంటారు. ఆ పేరు పెట్టినవాడు చెవి ముట్టుకుని చూసినట్టు లేదు.

"ఈనగానే ఎన్ని పాలు పిండావు గురవమ్మా?"

"పొదుగు ఖాళీ అయ్యేదాకా డాక్టరమ్మా. ఐదు లీటర్లు. వీధంతా జున్ను పంచొద్దా? ఒక్కింటికి తప్పితే ఏడాదంతా దెప్పుతారు."

"దిష్టి కొట్టింది. కషాయం గొంతులో పోద్దామా?" అన్నాడు ఆమె మరిది పోలయ్య.

"తల వాల్చిన గొడ్డుకు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. అది నువ్వే తాగు పోలయ్యా, కాసేపు నోరు మూతపడిద్ది," అంది డాక్టరమ్మ.

నేను లెక్క వేసుకున్నాను. లీటరు జున్నుపాలు రెండు గ్రాముల కాల్షియం పట్టుకుపోతాయి. ఐదు లీటర్లకు పది. ఏ క్షణంలో చూసినా నెత్తురులో ఉండేది మూడు గ్రాములే. మిగతా సరుకంతా ఎముకల గోడౌనులో ఉంటుంది. ఈనిన కొత్తలో దాని తాళం వెంటనే తెరుచుకోదు. ఈలోగా నెత్తురు కొట్టు ఖాళీ.

"నెత్తురు పరీక్ష చేస్తే తేలుద్దంటగా?" అన్నాడు పోలయ్య.

"తీస్తున్నా. కాయితం వచ్చేసరికి రేపవుద్ది. అప్పటిదాకా గేదె ఉండదు."

చిన్న గొట్టంలోకి నెత్తురు తీసి పక్కన పెట్టింది. నన్ను గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, నా మూతికి పైపు తగిలించి, గేదె మెడ నరంలో సూది గుచ్చి, తలకిందులు చేసి గురవమ్మ చేతికిచ్చింది. ఆమె నన్ను రెండు చేతులా పట్టుకుంది. డాక్టరమ్మ గేదె గుండె దగ్గర స్టెతస్కోపు ఆనించి వింటోంది.

"ఇంకాస్త ఎత్తు వదినా. గబగబా దిగిద్ది," అన్నాడు పోలయ్య.

గురవమ్మ నన్ను మూరెడు పైకెత్తింది. నాలో బుడగలు బుడబుడా లేచాయి. ఆగాలనుకున్నాను. తలకిందులైన సీసా ఎలా ఆగుతుంది?

"దించు! గుండె తప్పుతోంది!" డాక్టరమ్మ పైపు నొక్కేసింది.

బీరువాలోని నా పక్క సీసా గుర్తొచ్చింది. చాలాసేపటికి డాక్టరమ్మ తలాడించి పైపు వదిలింది.

"సీసాని గేదె వీపు ఎత్తు దాటనివ్వకు."

సగం దిగేసరికి గేదె చర్మం జలదరించింది. ముట్టె తడిబారింది. తర్వాత పేడ వేసింది. ఆ పేడకు గురవమ్మ దణ్ణం పెట్టింది. నేను ఖాళీ అయిన కాసేపటికి గేదె ముందు మోకాళ్ళు ఆనించి, తూలుతూ లేచింది.

"దూడ తాగాక, పూటకు ఈ సీసాడే పిండు. రెండు రోజులు పొదుగు ఖాళీ చెయ్యొద్దు," అని డాక్టరమ్మ నన్ను అక్కడే వదిలి వెళ్ళింది.

సాయంత్రం పక్కింటి సామ్రాజ్యం గిన్నెతో వచ్చింది. "ఏమే గురవా, మా గుమ్మం నీకు కనపళ్ళేదా? వీధంతా జున్ను తిన్నారు."

గురవమ్మ పాలు పోసిన నన్నెత్తి చూపించింది. "ఈ పూటకి ఇవే పాలు. ఉత్త గిన్నె తెచ్చావుగా, దాన్నిండా గేదెకి కుడితి పట్రా పో."

ఇప్పుడు నేను పాక గుంజకు వేలాడుతున్నాను. చెంబులోకి పిండిన పాలు నా మెడ దాకా పోసినప్పుడల్లా, నేనిచ్చిన కాల్షియం నుంచే ఒక గ్రాము వెనక్కి తీసుకుంటున్నాను. ఇచ్చినవి ఎనిమిది. తీసుకున్నవి మూడు. పొదుగు దగ్గర ఆమె చెయ్యి ఆగేదాకా నాకు భయమే.

మూడోరోజు తెల్లవారింది. గురవమ్మ చెంబుతో వచ్చింది. పొదుగు దగ్గర కూర్చోలేదు. ముందు చల్లబడిందేమోనని గేదె చెవిని గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.