దిష్టి గడి

పొద్దు నడినెత్తికెక్కింది. కొత్తవాడలో కిషన్ రావు దుకాణం అరుగు కింద యాదవ్వ వచ్చి నిలబడి రెండు గంటలైంది. సావుకారి లోపల భోంచేస్తున్నాడు. నిన్నటి జొన్న గటక తప్ప కడుపులో ఏమీ లేనివాళ్లకు లోపలి పోపు వాసన కాస్త ఎక్కువగానే తెలుస్తుంది.

ఇంట్లో మగ్గం మీద సగం నేసిన జంపఖానా పదకొండు రోజులుగా అట్లాగే ఉంది. మగ్గం ఆగింది గానీ, మొగుడు రాజలింగు దగ్గు ఆగలేదు. పొద్దున బయల్దేరుతుంటే అతను ఈతచాప మీద నుంచి లేవకుండానే అన్నాడు:

"ఏలుముద్ర వెట్టి రాయే. నూలు వట్టుకరా. పేరుతోని మనకేం పని? కడుపుతోని పని."

యుద్ధం పుణ్యమా అని నూలు కంట్రోలైంది. కార్డు ఉంటేనే నూలు. వాడకట్టు కార్డులన్నీ కిషన్ రావు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. పదకొండు రోజుల కింద ఆయన గుమస్తా వెంకటయ్య ఓ కాగితం పట్టుకొచ్చి మగ్గం ఆపించాడు. ఎరుపు, నీలం మెట్ల డిజైను ఇప్పుడు సావుకారిది. పట్నంలో రిజిష్టరయింది. పేరు 'కిషన్ మహల్'. ఇక ఎవరు నేసినా ఆయనకే కూలికి నేయాలి. డిజైను ఆయనదేనని ముందు ఏలుముద్ర వేయాలి. ఇంతవరకూ జంపఖానా అంగట్లో తొమ్మిది రూపాయలు పలికితే నూలు, రంగు పోను నాలుగు మిగిలేవి. ఇక నుంచి కూలి రూపాయిన్నర. వాడకట్టులో పదమూడిళ్లు ఏలుముద్రలు వేసేశాయి.

ఆ మెట్ల డిజైను యాదవ్వ అత్త మొగిలమ్మ కట్టింది. అడిగిన వాళ్లందరికీ నేర్పింది. ఒక్కటి మాత్రం ఎవరింటిది వారిదే: దిష్టి గడి. నేత మరీ అందంగా వస్తే కన్ను తగులుతుందని ప్రతి ఇంటివారూ తమకని ఓ చోటు పెట్టుకుని అక్కడ కావాలని ఒక గడి తప్పు నేస్తారు. మొగిలమ్మది ఎడమ మూల మూడో మెట్టు, ఎర్ర గడి ఉండాల్సిన చోట నల్ల గడి. ఇంకొకరి దిష్టి గడి ఎవరూ నేయరు. నేస్తే వాళ్ల దిష్టి మనింటికి వస్తుందని భయం.

నిన్న యాదవ్వ హనుమకొండ దాకా నడిచి, వకీలు దగ్గర గుమస్తాగా ఉన్న వీరభద్రాన్ని అడిగింది. దూరపు చుట్టం, వరసకు కొడుకు.

"ఇది ఇయ్యాల్టి పంచాది గాదు చిన్నమ్మా," అన్నాడు వీరభద్రం. "వెనుకట ఇంగ్లండు రాజులు ఉప్పు మీద హక్కు ఒగనికి, పేకముక్కల మీద హక్కు ఇంకొగనికి రాసిచ్చేటోళ్లట. జనం లొల్లి వెడితే మూడొందల ఏండ్ల కింద చట్టం జేసిండ్లు. ఏదన్న కొత్తది చేసినోనికే హక్కు. గదిగూడ కొన్నేండ్లకే."

"మరి మా సావుకారి ఏం కొత్తది జేసిండు?"

"పేరు వెట్టిండు గదా."

"పేరు వెట్టినోడల్లా తండ్రైతే, మా వాడకట్టు పిల్లలందరు పంతులు పిల్లలే గావాలె!"

వీరభద్రం నవ్వాపుకుని చెప్పాడు. "రిజిష్టరు కంటె ముందే ఆ డిజైను లోకంల ఉన్నదని రుజువైతే ఆ కాయితం చెల్లది. పాత జంపఖానా ఒక్కటి దొరకవట్టు. ఏలుముద్ర మాత్రం వెట్టకు. వెట్టినవంటే నీ చేతులతోనే నీది కాదన్నట్టు."

పాత జంపఖానా! నేసేవాళ్లింట్లో జంపఖానా ఎందుకుంటుంది? రాజలింగు పడుకునేది చాప మీద. మొగిలమ్మ పోయి ఆరేళ్లు. ఆమె నేసినవి ఏ ఊళ్లో ఎవరి పెళ్లిళ్లలో పరిచి ఉన్నాయో!

కిషన్ రావు త్రేన్చుకుంటూ వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. "యాదవ్వా, బాగ నిలవడ్డవు పాపం. వెంకటయ్యా, సిరా డబ్బి తియ్యి. మూడు చిలపల నూలియ్యి."

వెంకటయ్య తెచ్చిపెట్టిన నూలు కట్టల వైపు యాదవ్వ చూసింది. మూడు చిలపలు! రాజలింగుకు దవాఖాన మందు, పొయ్యి మీద కుండ. బొటనవేలు చాపింది. చాపిన వేలు అట్లాగే ఆగింది.

"రిజిష్టరు బొమ్మ ఒక్కపారి సూడనియ్యి సావుకారీ."

"సదువొచ్చా నీకు?"

"సదువు రాదు. డిజైను వస్తది."

కిషన్ రావు నవ్వి కాగితం పడేశాడు. అచ్చంగా దించాడు పట్నం చిత్రకారుడు: ఎర్ర మెట్లు, నీలం మెట్లు... ఎడమ మూల, మూడో మెట్టులో, నల్ల గడి. అదీ అందమే అనుకున్నాడు కాబోలు.

"మా అత్త దిష్టిగూడ రిజిష్టరు జేయించుకున్నవా సావుకారీ!"

వెంకటయ్య పళ్లు బయటపెట్టి, సావుకారి వైపు చూసి నోరు మూసుకున్నాడు.

"ఏం దిష్టి? ఏం కూతలు?" కిషన్ రావు కోపంగా ఆనుకున్న బాలీసు దిండు మీది నుంచి లేచి కూర్చున్నాడు. మోకాలు తగిలి గల్లాపెట్టె పక్కకు జరిగింది.

పెట్టె కింద జంపఖానా మూల. రంగు వెలిసింది, వాడి వాడి మాసిన నీలం, ఇటుకపొడి ఎరుపు. మూడో మెట్టులో నల్ల గడి మాత్రం పెట్టె నీడన నిన్న నేసినట్టుంది.

యాదవ్వకు అప్పుడు గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ల కింద, దుకాణం తెరిచిన రోజు మొగిలమ్మ పైసా తీసుకోకుండా ఇచ్చిన జంపఖానా. దానికి నూలు కండెలు చుట్టింది కొత్త కోడలు యాదవ్వే. ఇన్నేళ్లూ సావుకారి దాని మీదే కూర్చున్నాడు.

"సావుకారీ, జర లేస్తరా?"

ఆమె చూపు ఎక్కడుందో కిషన్ రావు చూశాడు. ముఖం మీది నవ్వు ఎటో పోయింది. నిజంగానే లేచాడు.

"వెంకటయ్యా! చింపిరి గుడ్డ, చుట్టి పొయిల వడేయ్!"

వెంకటయ్య అటు కొస పట్టుకున్నాడు. నూలు కట్టలు ఆమె చేతికి జానెడు దూరంలో ఉన్నాయి. వాటిని తీసుకుంటే రాజలింగు బతుకుతాడు. తీసుకోకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంటినుంచి ఆ దగ్గు ఇంతదూరం వినబడదు. అయినా వినబడింది.

నేతగాళ్ల ఆడవాళ్లెవరూ ఎన్నడూ ఆ అరుగెక్కలేదు. యాదవ్వ ఎక్కింది. నల్ల గడి మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"లే! నూలు ఒద్దా నీకు?"

"గావాలె," అంది యాదవ్వ. "ఏలుముద్ర మాత్రం వెట్ట."

వెంకటయ్య కొస లాగాడు. జంపఖానా కదల్లేదు. గట్టి నేత. వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగారు. ఒకామె బొటనవేలికి ఇంకా నల్లటి సిరా ఉంది.

గల్లాపెట్టె పక్కన సిరా డబ్బీ మూత తెరిచే ఉంది. ఎండ దాని మీదికి జరుగుతోంది.