గోడ మీద అరవై నీడలు

ఊ కొట్టేవాళ్ళుంటేనే కథ నడుస్తుందంటారు. ఈ కథకు మాత్రం ఊ కొడితే చాలదు. మధ్యమధ్య తల ఎత్తి చూడాలి.

అనగనగా ఒక గిడ్డంగి. అందులో అరవై కుట్టుమిషన్లు. నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ వస్తున్న అరవైమంది దర్జీ ఆడవాళ్ళవి అవి. రెండేళ్ళు నిండాక అందరికీ ఒకే రోజున అప్పగించాలని ఒప్పందం. అంతవరకు ప్రతి నెలా చివరి రోజు సాయంత్రం అయిదింటికి లెక్క చూసేవారు. తాళాలు తీసేవాడు గిడ్డంగి అధికారి. లెక్కచూసి సంతకం చేసేది అతని మేనకోడలు. చేతిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది కనుక ఆమెను అందరూ సుద్దముక్క అనే పిలిచేవారు. తల్లీతండ్రీ లేని ఆమెను పెంచిందీ, ఆ ఉద్యోగం వేయించిందీ ఆ మేనమామే.

ఆ గిడ్డంగికి ఒక స్వభావం ఉండేది. చీటీ రాయకుండా బయటికి వెళ్ళిన వస్తువు తన నీడను లోపలే వదిలిపోయేది. ఒకసారి ఊడ్చే మనిషి చీపురు ఇంటికి పట్టుకుపోతే, చీపురు నీడ మూడు రోజులు మూలన నిలబడింది; తిరిగి తెచ్చిపెట్టగానే దాని కిందికి వచ్చి చేరింది. ఎవరూ వింతపడలేదు. గిడ్డంగి యజమాని మాత్రం తెగ సంబరపడ్డాడు. "గోడలే కాపలా కాస్తుంటే మనుషులెందుకు?" అని కాపలావాణ్ణి మాన్పించాడు. తలుపుకు రెండు తాళాలు; తన దగ్గర ఉండవలసిన రెండో తాళంచెవిని కూడా మేనమామ చేతికే ఇచ్చేశాడు.

లోపలికి వెళ్ళి ప్రతి మిషనునూ ముట్టుకుని సుద్దగీత పెట్టాలన్నది నియమం. కాని అరలు ఎడమ పక్కన, ఖాళీ పెట్టెల గుట్ట వెనుక ఉండేవి. సాయంత్రపు ఎండ కిటికీలోంచి పడితే మిషన్ల నీడలన్నీ గుమ్మానికి ఎదురుగోడ మీద వరుసగా నిలిచేవి.

"లోపలంతా నూనె మసి. బట్టలు పాడైపోతాయి. ఇక్కణ్ణించే లెక్కపెట్టు తల్లీ" అన్నాడు మేనమామ మొదటి నెలలోనే.

ఆమె లెక్కపెట్టింది. అరవై. ఇరవై మూడు నెలలూ అరవయ్యే. నీడ కనిపిస్తే వస్తువు ఉన్నట్టేనని అందరూ నమ్మేవారు. వస్తువు పోయినా నీడ మిగులుతుందని కూడా అందరికీ తెలుసు. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు ఒక్కరూ లేరు. అరగని సుద్దముక్కను చూసినప్పుడల్లా మాత్రం ఆమె ఎందుకో గుప్పిట మూసేసుకునేది.

ఇరవై నాలుగో నెల చివరి రోజు అది. మర్నాడే అప్పగింత. మేనమామ తలుపు తీస్తుండగా ఒక ముసలి దర్జీ ఆయాసపడుతూ వచ్చింది.

"పదిహేడో నంబరు నాదే. ఒక్కసారి చూసిపోతా."

"రేపు ఇచ్చేస్తాం కదా పెద్దమ్మా."

"పెళ్ళికొడుకుని పీటల మీదే చూడమంటావా? ఒకసారి అలాగే చూసి మోసపోయాను" అని నవ్వుతూ, మేనమామ అడ్డు వచ్చేలోపే ఆమె పెట్టెల గుట్ట తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

లోపలి నుంచి ముసలామె గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నా అర ఖాళీగా ఉందేంటి? పక్కవాళ్ళవీ లేవే!"

గోడ మీద అరవై నీడలూ కదలకుండా ఉన్నాయి. మేనమామ గొంతు తగ్గించాడు.

"ఆమెకు చూపు ఆనదులే. అరవై అని రాసెయ్."

"ఎన్ని ఉన్నాయి మామయ్యా?"

"నిన్ను పెంచింది ఎవరు?"

"నువ్వే. ఎన్ని ఉన్నాయి?"

"ఇరవై మూడు సంతకాలు ఎవరివమ్మా? నేను మునిగితే నువ్వు గట్టు మీద ఉంటావా? ఈ ఒక్కటీ పెట్టు. రేపటికి గిడ్డంగి అంటుకుంటుంది. అరవై మిషన్లూ కాలిపోయాయంటాం. కాలిన గదిలో నీడలు ఎవరు వెతుకుతారు?"

అతడు చొక్కా జేబులోని అగ్గిపెట్టెను వేళ్ళతో తడుముకోవడం ఆమె చూసింది. తనకు నడక నేర్పినవి ఆ వేళ్ళే. ఆమె లోపలికి వెళ్ళింది. ఒక్కొక్క మిషనునూ ముట్టుకుంటూ గీత పెట్టింది. ఖాళీ అరలను కూడా వదలక తడిమింది. బయటికి వచ్చేసరికి సుద్దముక్క సగం అరిగింది. పుస్తకంలో రాసింది: "మిషన్లు పంతొమ్మిది. నీడలు అరవై." కింద సంతకం చేసి, ముసలామె చేత సాక్షి వేలిముద్ర వేయించింది.

మేనమామ ఆ పేజీ చదివాడు. మనుషులు కూడా వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గరి చీటీ నింపాలి. అతడు నింపలేదు. గబగబా మెట్లు దిగి వీధిలో కలిసిపోయాడు. గోడ మీద అరవై ఒకటో నీడ, చేతిలో తాళాల గుత్తితో, అలాగే నిలిచిపోయింది.

ఆ తర్వాత అతడు ఊరూరా తిరిగాడట. పట్టపగలు ఎవరి గుమ్మంలో నిలబడినా వాళ్ళు అతని ముఖం చూడక కాళ్ళ కింది నేల చూసి, తలుపు వేసుకునేవారట. చివరికి ఎండ చొరని చోట్లలోనే బతికాడని అన్నారు.

"రెండు తాళాలూ ఒక్కడికే ఇచ్చినవాణ్ణి నేను" అని యజమాని నష్టంలో సగం భరించాడు. మిగతా సగం సుద్దముక్క జీతంలోంచి పోయింది. పోయిన మిషన్లను వెతికి, ఒక్కొక్కటే కొని తెచ్చేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది. తెచ్చినప్పుడల్లా ఒక నీడ గోడ దిగేది. పదిహేడో నంబరు ఏడో ఏట దొరికింది. అప్పటికి ముసలామెకు సూదిబెజ్జం కనిపించడం లేదు.

గోడ మీద చివరికి ఒక్క నీడ మిగిలింది. సుద్దముక్క ప్రతి సాయంత్రం లెక్క ముగించి, దాని చేతి మీద చెయ్యి వేసి చూసేది. గోడ చల్లగా తగిలేది.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ. చెబుతూ చెబుతూ చీకట్లో ఆగేది. నేను ఊ కొడుతున్నా సరే, చెయ్యి చాచి నా తల ముట్టుకుని చూసుకునేది.