నారింజ వాసన మందు

సుచరితను ఒంటి తలనొప్పి పదో తరగతిలో పట్టుకుంది, మళ్ళీ వదలలేదు. మాత్ర వేసుకుంటే నోరంతా చేదు, ఆ చేదుకు వాంతి, వాంతితో పాటు మాత్రా బయటికే. అందుకే మార్కాపురంలో ఎం.ఫార్మసీకి చేరగానే, అదే మందును నాలుక మీద పెడితే కరిగిపోయే పలుచటి ఫిల్ముగా చేస్తానని పంతం పట్టింది. మింగే పనిలేదు, నీళ్ళ పనిలేదు. చేదును మాత్రం కప్పెట్టాలి.

కప్పెట్టింది. తీపి కలిపింది, నారింజ వాసన కలిపింది. హాస్టలు అమ్మాయిలకు రుచి చూపించి ఉమ్మించింది. "ఇంకోటి ఉందా అక్కా?" అన్నారు వాళ్ళు. ఇక ఆమె కాళ్ళు నేల మీద ఆగలేదు. ఊళ్ళో, రాచర్లలో ఉన్న అమ్మకు ఫోను చేసి, "అమా, తలకాయనొప్పి పని పట్టినానే!" అని చెప్పింది. తలనొప్పి వినే ఉంటుంది.

వైవా రోజు పొద్దున బస్సులోనే ఎడమ కణత దగ్గర మొదలైంది. పరీక్షించడానికి వచ్చిన రాజరత్నం గారి ముందు నిలబడేసరికి కన్ను తెరవలేకపోయింది. ఆయన సరేనంటేనే డిగ్రీ. ఇంకొకరైతే భయపడేవారు. సుచరిత లోలోపల మురిసిపోయింది. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

"సార్, నాకిప్పుడు నొప్పి వచ్చింది. డాక్టరు నాకు రాసే మందే ఇది. మీ ముందే వేసుకుంటాను."

"వద్దమ్మా!" అని ఆయన అనేలోపే నాలుక మీద పెట్టేసింది. ల్యాబులో చేసినవి నోట్లో పెట్టుకోకూడదని జూనియర్లకు పాఠం చెప్పేదీ ఆవిడే.

ఫిల్ము చిటికెలో కరిగింది. చేదు రవ్వంత కూడా లేదు. నారింజ వాసన మాత్రం గుప్పున ముక్కుకెక్కింది. సుచరిత చెత్తబుట్ట దాకా పరుగెత్తింది. పంతమూ, గర్వమూ, పొద్దున తిన్న ఉప్మా అన్నీ అందులోనే పడ్డాయి.

రాజరత్నం గారు నీళ్ళ సీసా అందించారు. "చేదుకా అమ్మా?"

"కాదు సార్, వాసనకు." సిగ్గుతో చచ్చిపోతోంది. వైవా కోసం బట్టీపట్టిన ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. "నాకు తలకాయ నొస్తే మా అమ్మ తాలింపు గూడా పెట్టదు సార్. ఏ వాసనా పడదు నాకు."

"అయితే ఇవాళ నేను సంతకం పెట్టలేను. వాసన తీసేసి మళ్ళీ చేసుకుని రా," అన్నారాయన మెల్లగా. "ఇంతకీ రుచి చూసినవాళ్ళలో తలనొప్పి ఉన్నవాళ్ళెందరు?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని సుచరితకు అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది. నవ్వితే తల పగిలిపోతోంది, దాంతో ఏడుపూ వచ్చింది.

"ఒక్కరూ లేరు సార్. హాస్టల్లో ఉండే నాలికలన్నిటినీ అడిగినాను. నా తలకాయనొక్కదాన్నే అడగలేదు."