తొమ్మిది మబ్బు రాత్రులు

ఆఫీసులో అందరూ ఆమెను కత్తెరక్క అనేవారు. ఎదురుగా కాదు లెండి, చాటుగా. ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉండేది. తొమ్మిదేళ్లుగా ఆమె చేసే పని అలాంటిది మరి. ఎవరైనా "దొరికిందోచ్, కొత్త గ్రహం!" అని గెంతుకుంటూ వస్తే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాళ్ల లెక్కలు ముందేసుకుని, అది గ్రహం కాదని తేల్చి పంపడమే. ఒకరిది నక్షత్రం మీద మచ్చ. ఇంకొకరిది వెనకాల నక్కిన మరో నక్షత్రం. ఒకాయనదైతే ఏదీ కాదు, కెమెరా వేడెక్కింది, అంతే. అలా నూట పద్నాలుగు గ్రహాలకు మంగళం పాడేసింది మహాతల్లి.

అలాంటిది ఇప్పుడు ఆమెకే ఒకటి దొరికింది.

చిన్న ఎర్ర నక్షత్రం. సూర్యుడిలో అయిదో వంతు, వేడి కూడా అంతంతమాత్రం. ఆరు రోజులకోసారి దాని వెలుగు పిసరంత తగ్గుతోంది. అంటే దాని ముందునుంచి ఏదో పోతోంది. ఎంత తగ్గిందో చూస్తే ఆ పోయేది ఎంత లావో తెలుస్తుంది. గ్రహం చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కూడా కాస్త ఊగుతుంది. ఆ ఊపు కొలిస్తే బరువు తెలుస్తుంది. లావూ బరువూ తెలిశాక అది రాయో, సగం నీళ్లో, ఉత్త గాలిమూటో చెప్పొచ్చు. మనం పుచ్చకాయను చేత్తో ఎత్తి చూసుకోమూ? అదే విద్య. కాకపోతే ఇక్కడ కాయ నలభై కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది.

అరవై రెండు రాత్రుల కొలతలు. అందులో మబ్బు పట్టిన తొమ్మిది తీసేసింది. మిగిలినవాటితో లెక్క కడితే భూమికి మూడుంపావు రెట్ల బరువు వచ్చింది. ఆ లావుకు ఆ బరువంటే నికార్సయిన రాయి. ఆమెకు ఆ రాయి ఎంత కావాలనిపించిందంటే, మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా లోలోపలే మురిసిపోయింది. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ చెడగొట్టిన మనిషి తన పెళ్లికి ముహూర్తం పెట్టించుకున్నట్టు కాస్త సిగ్గు కూడా పడింది.

వాళ్ల బృందంలో ఒక కట్టుబాటుంది. ఏ గ్రహాన్నయినా బయటికి చెప్పేముందు వారం రోజులు ఒకరి చేతికిస్తారు, చేతనైతే చంపి చూపించమని. ఆ వారం గ్రహం తాలూకు మనిషి ఆ చంపేవాడితో మాట్లాడకూడదు, టీ మిషను దగ్గర ఎదురుపడినా సరే. మామూలుగా ఆ చంపేది కత్తెరక్కే. ఈసారి చీటీలు వేస్తే నిదానం పేరొచ్చింది.

నిదానం అంటే మూల కిటికీ దగ్గర కూర్చునే అతను. పేరుకు తగ్గ మనిషి. మూడేళ్ల కిందట అతనూ ఒక గ్రహం పట్టుకొచ్చాడు. "మబ్బు చూసి మురిసిపోయావు తమ్ముడూ" అని ఆమె దాన్ని రెండు రోజుల్లో కొట్టిపారేసింది. "సరే అక్కా" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత సొంతంగా ఏదీ పట్టుకురాలేదు. ఇతరుల లెక్కలకు గ్రాఫులు గీసిపెట్టేవాడు.

శుక్రవారం అతను లేచి నిలబడ్డాడు. "నాలుగు రకాలుగా చూశాను. చంపలేకపోయాను. రాయే."

అందరూ చప్పట్లు కొట్టారు. బృందాన్ని నడిపే పెద్దమేడమ్ బోర్డు మీద పచ్చ మార్కరుతో టిక్కు పెట్టి, సోమవారం ప్రకటన పంపేద్దామంది. కత్తెరక్కకు కాళ్లు నేలమీద ఆనలేదు.

ఇంటికెళ్లగానే అత్తగారు అడిగింది. ఆవిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. "ఏమ్మాయ్, ఏమైంది నీ రాయి?"

"ఖాయమైంది అత్తయ్యా!"

"తొమ్మిదేళ్లు కళ్లు కాయలు కాచేలా చూసి చివరికి ఒక రాయి! అదేదో నన్నడిగితే మన వీధి మలుపులోనే చూపించేదాన్ని కదే" అని అత్తగారు నవ్వింది. కానీ ఆ పూట పనేదీ కోడలి చేత ముట్టనివ్వలేదు.

శనివారం పొద్దున అత్తగారు ఫోన్లో పాత స్నేహితురాలితో పెద్ద గొంతేసుకుని వాదిస్తోంది. ఆ స్నేహితురాలూ నర్సే. ఆవిడ మనవడి పుట్టినరోజు పదమూడా పద్నాలుగా అన్నది తగువు.

"నీ మొహం! వాడు పుట్టింది తెల్లవారుజామున రెండింటికి. రాత్రి డ్యూటీ నాదే, నాకు తెలీదా? డ్యూటీ పుస్తకంలో పదమూడని ఎందుకుందంటే పదమూడు సాయంత్రం డ్యూటీ ఎక్కాం కాబట్టి. తెల్లారేదాకా ఏం జరిగినా ఆ పేజీలోనే రాస్తాం. అయినంత మాత్రాన పిల్లాడు పదమూడున పుట్టినట్టా? నలభై ఏళ్లు చేసినదానివి, ఆమాత్రం తెలీదుటే?"

కత్తెరక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

కొండ మీద టెలిస్కోపు దగ్గర డ్యూటీ చేసేవాళ్లు కూడా పుస్తకం రాస్తారు. "పద్నాలుగు, పల్చటి మబ్బు, నమ్మొద్దు" అని. పద్నాలుగు సాయంత్రం డ్యూటీ ఎక్కి రాసేది అది. ఆమె నక్షత్రమేమో అర్ధరాత్రి దాటాకే పైకొస్తుంది. కంప్యూటరు ఫైలు మీద ఏ తేదీ వేస్తుంది? పదిహేను. ఆమె మాత్రం పుస్తకంలో పద్నాలుగు చూసి, పద్నాలుగో తేదీ ఫైలు తీసేసింది. అంటే ముందు రోజు రాత్రిది.

"అత్తయ్యా, నేను ఆఫీసుకెళ్లొస్తా."

"శనివారం పూటా? టిఫినన్నా..." అత్తగారి మాట పూర్తయ్యేలోగా తలుపు పడింది.

ఖాళీ ఆఫీసులో కూర్చుని తొమ్మిది తేదీలూ సరిచేసింది. మబ్బులు వరసగా పడతాయి కాబట్టి అయిదు రాత్రులు ఎలాగూ చెడ్డవే. నాలుగు మాత్రం తారుమారయ్యాయి. నాలుగు మంచి రాత్రులు పారేసి, నాలుగు చెడ్డవి ఉంచుకుంది. పల్చటి మబ్బు చంద్రుడి వెలుగును మోసుకొచ్చి నక్షత్రం వెలుగులో కలిపేస్తుంది, దాంతో ఊపు ఎక్కువ కనిపిస్తుంది. మళ్లీ లెక్క కట్టింది. బరువు మూడుంపావు నుంచి రెండుకు దిగజారింది. ఆ లావుకు ఆ బరువు రాయికి చాలదు. సగం నీళ్లయినా ఉండాలి, పైన మందపాటి గాలయినా ఉండాలి.

నిదానం తప్పేం లేదు. మబ్బు రాత్రులు ఏరడం కత్తెరక్క పని. ఆమె ఏరాక దాన్ని మళ్లీ చూసే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు. కంచే చేను మేస్తే ఎవరు చూడొచ్చారు?

చూడొచ్చేవాళ్లు లేరన్న మాట ఆమెకూ తట్టింది. పచ్చ టిక్కు పడింది. నోరు మూసుకుని కూర్చుంటే సోమవారానికి రాయి రాయిగానే ఉంటుంది. అలా అనుకుంటూ ఒక అరగంట నిజంగానే నోరు మూసుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఇంకో మాట తట్టేసరికి ఆ ఏడుపు కూడా ఆగిపోయింది.

నిదానం గ్రహాన్ని కొట్టేసింది కూడా ఈ కత్తెరతోనే కదా!

పాత ఫైలు తెరిచింది. ముప్పై ఒక్క రాత్రులు. ఆమె తీసేసినవాటిలో అయిదు బంగారంలాంటివి. వాటిని తిరిగి పెట్టి, చెడ్డవాటిని తీసేస్తే, నక్షత్రం ఊపు గోడగడియారం లోలకంలా స్పష్టంగా కనిపించింది. లావుకు తగ్గ బరువు. రాయి.

సోమవారం మీటింగులో పెద్దమేడమ్ నోరు తెరవకముందే ఆమె లేచింది. తేదీల సంగతంతా చెప్పింది. బోర్డు దగ్గరికెళ్లి తన గ్రహం పక్కన పచ్చ టిక్కు తనే తుడిచేసింది.

"ఖాయమేనా?" అంది పెద్దమేడమ్.

"ఖాయమే మేడమ్. నాది రాయి కాదు. నేను మబ్బు రాత్రులు ఏరినవి మొత్తం పదకొండు గ్రహాలున్నాయి. అన్నీ మళ్లీ చూడాలి. అందులో ఒకటి చూసేశాను." నిదానం వైపు తిరిగింది. "నీది, తమ్ముడూ. నీది గ్రహమే. రాయే. నేనే తప్పు కొట్టేశాను."

అతను చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మూడేళ్లక్కా" అన్నాడు.

"అవును."

"నాకు చూడ్డం చేతకాదనుకున్నాను. ఏది కనిపించినా మబ్బే అయ్యుంటుందిలే అని వదిలేశాను. ఎన్ని వదిలేశానో నాకే తెలీదు." అతని గొంతు పెద్దదైంది. ఆ గదిలో అతను గొంతు పెంచడం ఎవరూ ఎరగరు. "ఒక్కసారి, ఒక్కసారి ఆ పుస్తకం మళ్లీ చూస్తే మీ సొమ్మేం పోయేది?"

"ఏం పోయేది కాదు. చూడలేదు. తప్పు నాదే. నువ్వు తిట్టు, పడతాను."

అతను తిట్టలేదు. మొహం తుడుచుకున్నాడు.

ఆమె పచ్చ మార్కరు తీసుకుంది. అతని నక్షత్రం తాలూకు తొమ్మిదంకెల నంబరు రాద్దామని చెయ్యెత్తి ఆగింది. మొన్న శనివారం ఫైలు మీద చూసిందే, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. "ఉండు, నంబరు చూసొస్తాను" అంది.

అతను కూర్చున్నచోటి నుంచే తొమ్మిది అంకెలూ ఎక్కడా ఆగకుండా చెప్పాడు.