ఎదుటి కుర్చీ

మా అన్నయ్య ఎవరి మీదా చెయ్యెత్తడు. మా మెన్నోనైట్ క్రైస్తవ సంఘంలో ఎవరూ ఎత్తరు. యుద్ధానికి వెళ్ళం, కోర్టుకెక్కం, ఎవరైనా ఒకటి తగిలించినా తిరిగి కొట్టం. అందుకే ఒక మనిషిని నాశనం చెయ్యాలనుకుంటే మావాళ్ళు అతని ఎదుటి కుర్చీని ఖాళీగా ఉంచుతారు.

ఆ మనిషి మా ఆయన. సంఘం నడిపే బైబిలు పాఠశాలలో ముప్పై ఏళ్ళుగా హీబ్రూ, గ్రీకు చెబుతున్నాడు. వెనకాల అందరూ నిఘంటువు అంటారు. ఉప్పు అందించమంటే ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పి, ఉప్పు అందించడం మర్చిపోయే రకం. మొన్నామధ్య ఒక పుస్తకం రాశాడు. మగవాడు మగవాడితో, ఆడది ఆడదానితో కాపురం చేస్తున్నారని వాళ్ళని సంఘంలోంచి గెంటెయ్యడానికి బైబిలు ఆధారం కాదన్నాడు. బైబిల్లో నిప్పులు కురిసి కాలిపోయిన ఆ పాత ఊరి కథ చెప్పి కదా వాళ్ళని తిడతారు, ఆ ఊరి పాపం వేరే అన్నాడు. గడప దగ్గరికొచ్చిన కొత్తవాళ్ళ మీద ఊరివాళ్ళు పడి చెరచబోయారు, అదీ పాపం. వాళ్ళకి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తానన్నవాడు ఊరు మొత్తానికీ ఒక్కడే.

సంఘానికి పెద్ద మా అన్నయ్యే. పుస్తకం చదవలేదు గానీ, అట్ట చూసే చిందులు తొక్కాడు. మా ఆయన్ని వెలివేద్దామని సభ పెట్టాడు. మాలో ఓట్లుండవు, ఒక్కరు కాదన్నా నిర్ణయం ఆగిపోవాలి. నేను కాదన్నాను. దాంతో అన్నయ్య దొడ్డిదారి వెతికాడు.

రొట్టె విరిచే ఆరాధనకి ముందు మేం ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి కాళ్ళు ఒకరం కడుగుతాం. కాళ్ళు కడిగించుకోనివాడికి రొట్టె లేదు. రొట్టె తీసుకోనివాడు సభ్యుడు కాడు. సభ్యుడు కానివాడికి పాఠశాలలో ఉద్యోగం లేదు. ఇక సభలెందుకు? అన్నయ్య మగవాళ్ళందరికీ ముందే జతలు కుదిర్చాడు, మా ఆయనకి తప్ప.

ఆడవాళ్ళం పక్క గదిలో ఉన్నాం. దర్జీ ఆవిడ పాదాలు తుడుస్తూ తలుపులోంచి చూశాను. మా ఆయన ప్యాంటు మడిచి, చెప్పులు విడిచి, బేసిన్ ముందు కూర్చున్నాడు. ఎదుటి కుర్చీ ఖాళీ. చుట్టూ అందరూ వంగి పక్కవాడి కాళ్ళ కేసి అదేదో అపురూపం అన్నట్టు చూస్తున్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

"ఎవరూ దొరకలేదా బావా?" అన్నాడు అన్నయ్య, గొంతులో తేనె పోసుకుని. "పాపం. ఈసారికి అలా కూర్చో మరి."

"నీకెవరు దొరికారు బావా?" అన్నాడు మా ఆయన. వెటకారం కాదు, అంత తెలివి ఆయనకి లేదు. నిజంగానే అడిగాడు.

అన్నయ్య చుట్టూ చూశాడు. ఇన్నేళ్ళూ ఆయన జత మా ఆయనే. బావా బావా ఒకరి కాళ్ళు ఒకరు కడుక్కునేవారు. అందుకే ఊరందరికీ జతలు కుదిర్చిన పెద్దమనిషికి తనకొకడు కావాలన్న సంగతే తట్టలేదు. ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. కాళ్ళు కడిగించుకోకపోతే రొట్టె విరవడానికి ఆయనక్కూడా వీల్లేదు.

ముఖం మాడ్చుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మేజోళ్ళు తీశాడు. మా ఆయన నొప్పి మోకాళ్ళతోనే కిందికి దిగి, ఎప్పటిలాగే వేళ్ళ సందులు కూడా కడిగి తుడిచాడు. తర్వాత కుర్చీలో కూర్చుని తన కాళ్ళు ముందుకు పెట్టాడు.

అన్నయ్య ఒక మేజోడు తొడుక్కున్నాడు. రెండోదీ తొడుక్కున్నాడు. "టైమైపోయింది, పదండి పదండి" అన్నాడు.

ఈసారి రొట్టె చేసింది నేను. తలుపు దాటి వెళ్ళి బల్ల మీదున్న రొట్టె పళ్ళెం అందుకున్నాను.

"ఆయన కాళ్ళు కడుగు. అప్పటిదాకా ఇది నా చేతుల్లోనే ఉంటుంది."

"దేవుడి బల్ల దగ్గర రాద్ధాంతం చెయ్యకు చెల్లెమ్మా."

"బల్ల దేవుడిదే. పిండి పిసికింది నేను."

అన్నయ్య కళ్ళు బేసిన్ వైపు తిరిగాయి. ఇంకాస్త ఆగితే వంగేవాడు, ఒట్టు. మాకు ఒట్టు పెట్టడం నిషేధం. అయినా పెడుతున్నాను.

అప్పుడొచ్చాడు మా ఆయన, ఉత్త కాళ్ళతో.

"అక్కడ పెట్టెయ్యి" అన్నాడు.

"ఏంటి పెట్టేది? మీ ఉద్యోగం పోతుందండీ!"

"పోతుంది. వీళ్ళంతా దీనికోసమే వచ్చారు. వచ్చినవాళ్ళని గడపలో ఆపి బేరమాడితే, నేను రాసిందంతా దేనికి?"

మహానుభావుడు! అందరి ముందూ నన్నే ఆ కాలిపోయిన ఊళ్ళో నిలబెట్టాడు. ఏడుపొచ్చింది. పళ్ళెం ఠక్కున బల్ల మీద పెట్టాను. అన్నయ్య రొట్టె విరిచాడు. పళ్ళెం వరసలన్నీ తిరిగింది, మా ఆయన్ని దాటి వెళ్ళింది. ఆయన మాత్రం పక్కవాడికి అందేలా వెనక్కి జరిగి దారిచ్చాడు.

ఆఖర్న అన్నయ్యే నా దగ్గరికి తెచ్చాడు.

"తీసుకో చెల్లెమ్మా, నువ్వు చేసిందేగా."

"ఉప్పెక్కువైంది. నువ్వే తిను."

చెప్పులు వెతికి తెచ్చి మా ఆయన ముందు పడేశాను. ఆయన మీద కూడా నాకు పీకల్దాకా కోపం ఉంది. ఆయన మెల్లగా వంగి తొడుక్కున్నాడు. ఆ పాదాలు ఇంకా పొడిగానే ఉన్నాయి.