తువ్వాలు కింద ఎం.ఏ.

ఆదోని పత్తి మార్కెట్లో పొద్దున పూట బేరాలు వినపడవు. బండ్లు వస్తాయి, మూటలు దిగుతాయి, అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతోనే బేరమాడుకుంటారు. మిగతా తువ్వాళ్ళ కింద ధర ఒక్కటే తెలుస్తుంది. దళారీ బడే సాబ్ తువ్వాలు కింద చేతులు కలిపితే మాత్రం ఒకరికి తెలిసిందంతా ఇంకొకరికి తెలిసిపోతుంది. మూట అడుగున తడిపత్తి పెట్టిన రైతు దొరికిపోతాడు, మిల్లులో సరుకు నిండుకుందని దాచిన సేటూ దొరికిపోతాడు. అది ఆ తువ్వాలు గుణం. బడే సాబ్ భార్య సుగ్రాబీ దాన్ని సోడా వెయ్యకుండా ఉతుకుతుంది, రంగు పోతుందని.

డెబ్బై తొమ్మిదిలో గొడవంతా మార్కెట్లో కాదు, కాలేజీలో. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే ఏడుగురికి రెండేళ్ళ చివర కాంప్రహెన్సివ్ అని ఒక పరీక్ష ఉండేది. పది పేపర్లలో ఎక్కడినుంచైనా సరే బయటూరి ప్రొఫెసరు అడుగుతాడు, అప్పటికప్పుడు నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే రెండేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. రెండుసార్లు తప్పినవాడికి మూడోసారి లేదు.

సుంకప్ప నిరుడు ఒకసారి తప్పాడు. ఆస్పరిలో పత్తి మూటల మీద పడుకుని పెరిగినవాణ్ణి "ధర ఎలా నిర్ణయమవుతుంది?" అని అడిగితే, నాలుక కొయ్యబారి, పదిహేను నిమిషాలు గోడగడియారం చూసి వచ్చాడు. అదే మనిషి ఎమ్మిగనూరు జూనియర్ కాలేజీలో టెంపరరీగా పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కిటికీల దగ్గర చేరి వింటారు. జూన్ లోపల ఎం.ఏ. పాసైతే ఆ ఉద్యోగం ఖాయం. లేకపోతే నాగలి. నాగలి చెడ్డదని కాదు, దాన్ని పట్టడానికి ఇప్పటికే ముగ్గురన్నలున్నారు, ఉన్నది మూడెకరాలు.

ధాన్యం వర్తకుల అమ్మాయి అన్నపూర్ణ అందరి తరఫునా అర్జీ రాసింది. వారం గడువిచ్చి ఇంటి దగ్గర రాయించండి, లేదా ఊళ్ళో ఏదైనా సంగతిని పరిశీలించి పుస్తకం రాసుకొస్తాం చూడండి, అదీ కాకపోతే మేము పాఠం చెబుతాం, మీరు కూచుని వినండి అని. డిపార్టుమెంటు హెడ్డు చెన్నకేశవులు దాన్ని చదివి బల్లమీద బోర్లించాడు.

"మేము పాస్ కాలేదా ఇట్లే? మా కాలంలో ఐదుమంది కూచోని అడుగుతాండిరి!"

"మీరు బాధ పడినారని మేమూ పడాల్నా సార్?" అంది అన్నపూర్ణ.

"పడాల. దాన్నే స్టాండర్డంటారు."

సుంకప్ప ఈ సంగతి బడే సాబ్‌తో చెప్పుకున్నాడు. వాళ్ళ నాయన పత్తి అమ్మేది ఆయన దగ్గరే.

"అరె! పైమూటలో పిడికెడు పత్తి తీసి బండికంతా ధర కట్టినట్లుందే. ఈడ అట్ల సేస్తే తంతారప్పా" అన్నాడు బడే సాబ్.

"ప్రొఫెసర్ని సూస్తానే నాలుక లెయ్యదు సాబ్."

"నాలుకతో ఏం పని? ఏళ్ళు లేవా?"

ఆ మాట అక్కడితో పోయేదే. కానీ పరీక్షకొచ్చిన ప్రొఫెసర్ జనార్దన్ రైల్లో గుంతకల్లు దాకా ఎవరితోనో వాదించి గొంతు పోగొట్టుకున్నాడు. కుర్చీలో కూచుని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఇక పరీక్ష వచ్చే ఏడాదికే అన్నాడు హెడ్డు. సుంకప్ప సైకిలెక్కి మార్కెట్‌కు పోయి, బడే సాబ్‌ను తువ్వాలుతో సహా వెనక కూచోబెట్టుకుని వచ్చాడు.

"యూనివర్సిటీ రూల్సులో తువ్వాలు లేదు" అన్నాడు చెన్నకేశవులు.

"వద్దని రాసినారా సాబ్?" అన్నాడు బడే సాబ్.

హెడ్డు రూల్సు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. రాయలేదు.

మొదట ఇస్మాయిల్ చెయ్యి పెట్టాడు. బట్టీ పట్టడంలో క్లాసులో వాణ్ణి మించినవాడు లేడు. వాడి వేళ్ళలో ప్రొఫెసరుకు పాఠాల పేర్లూ పేజీ నంబర్లూ మాత్రమే దొరికాయి. అన్నపూర్ణ వంతు రాగానే బడే సాబ్ అడ్డం వచ్చి, "ఆడబిడ్డ సెయ్యి పట్టేది వద్దు, సెరొక కొన పట్టుకోండి" అన్నాడు. కొన పట్టుకున్న కాసేపటికి ఆమె ప్రొఫెసరు వైపు వింతగా చూసింది, ఆయన ఇంకో చేత్తో నుదురు తుడుచుకున్నాడు. చివరికి మిగిలింది సుంకప్ప.

చేతులు కలిశాయి. ప్రొఫెసరు కళ్ళు పెద్దవయ్యాయి. సుంకప్పకు తెలిసింది ఇది: ఇరవై ఏళ్ళ కిందట ఈయన కూడా ఇలాంటి గదిలోనే నాలుక కొయ్యబారి కూచున్నాడు. ముసలి ప్రొఫెసరెవరో జాలిపడి పాస్ చేశాడు. ధరల పేపరు ఆయనకు ఆ రోజూ అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. ఎవరైనా తనను అడుగుతారేమోనన్న భయంతో ఊరూరా తిరిగి ముందుగా తానే అడుగుతున్నాడు.

సుంకప్పకు నవ్వు రాలేదు. ఎమ్మిగనూరులో చివరి బెంచీ పిల్లలు తల దించుకుంటే ఎంత జాలేసేదో అంత జాలేసింది. చెయ్యి తీసేశాడు. బేరాల టైమైందని బడే సాబ్ తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సుంకప్ప లేచి, ఎవరూ అడక్కుండానే, బోర్డు దగ్గరికి నడిచి సుద్దముక్క అందుకున్నాడు.

"సార్, మా నాయన ఆస్పరిలో బండి కట్టిన కాడినుంచి మొదలుపెడతా" అన్నాడు.

ముప్పావు గంట చెప్పాడు. బండి ఆదోని చేరేలోపల ధర ఎందుకు పడుతుందో, పత్తి అయిపోయాక ఎందుకు లేస్తుందో, పుస్తకంలో గీసిన గీతలకూ మార్కెట్లో మనుషులకూ ఎక్కడ పొత్తు కుదరదో చెప్పాడు. నాలుక ఒక్కసారి కూడా తడబడలేదు. చెన్నకేశవులు రెండుసార్లు వాచీ చూసి, తర్వాత చూడటం మరిచిపోయాడు.

ప్రొఫెసరు ఏడుగురికీ మార్కులు వేశాడు. సుంకప్ప పేరు దగ్గర వేసిన అంకె చూసి హెడ్డు దగ్గాడు. బల్లమీద బోర్లా పడున్న అర్జీని ప్రొఫెసరు తిరగేసి చదివి, మూడో కోరిక కింద గీత గీసి, సంతకం పెట్టాడు. అందరూ లేచారు. ఆయన మాత్రం లేవలేదు. ఒక చీటీ చించి, ఏదో రాసి, హెడ్డుకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి సుంకప్ప వైపు జరిపాడు.

"చివరి సగం ఇంకోసారి చెబుతావా? నా రైలు ఆరింటికి" అని ఉంది అందులో.

సుంకప్ప గోడగడియారం చూశాడు.

"శానా టైముంది సార్, కూచోండి" అన్నాడు.